స్కీయింగ్ నేర్చుకునేవారి ఖర్చు జాకెట్‌తో మొదలు కాకూడదు

సంపాదకులకు,

నమస్కారం. స్కీయింగ్ కొత్తగా నేర్చుకోదలచినవారికి ఏయే దుస్తులు కావాలో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్నీ, దాని కింద ఇచ్చిన కొనుగోలు జాబితానూ శ్రద్ధగా చదివాను. అందులో పనికిరాని వస్తువు ఉందని నేను అనను. అయితే జాబితా తీరు చూస్తే, అది ఇప్పటికే ఆటలో ఆరితేరి, ఎత్తయిన కొండల మీద రోజంతా గడిపేవారిని మనసులో ఉంచుకొని రాసినట్టుగా ఉంది. అన్నిటికన్నా ఖరీదైన జాకెట్ మొదటి వరుసలో ఉంది. చేతి తొడుగులు చిట్టచివర ఒక్క మాటలో తేలిపోయాయి. తక్కువ డబ్బుతో బయలుదేరిన మనిషి ఆ జాబితాను పైనుంచి కిందికి కొనుక్కుంటూ వస్తే జాకెట్ దగ్గరే డబ్బు అయిపోతుంది, చివరికి అల్లిన ఉన్ని గ్లౌజులతోనూ జీన్స్ ప్యాంటుతోనూ మంచు మీదికి వెళ్లవలసి వస్తుంది. మొదటి పాఠాలు నేర్పే వాలుల దగ్గర చాలా కాలంగా మెలగుతున్న నాకు ఇలాంటివారు ప్రతి శీతకాలమూ కనిపిస్తూనే ఉంటారు. ఒంటి మీద మంచి జాకెట్ ఉంటుంది, తడిసిన చేతులు మాత్రం చంకల్లో ఉంటాయి, మధ్యాహ్నం కాకముందే లోపలికి వచ్చి కూర్చుంటారు. వారు మళ్లీ రారేమోనన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్తవారికీ నేర్చినవారికీ కావలసిన బట్టల్లో తేడా ఎందుకుంటుందంటే, వారిని తడిపే మంచు వేర్వేరు దారుల్లో వస్తుంది. నేర్చినవారు ఎక్కువసేపు కాళ్ల మీదే ఉంటారు. వారి మీద మంచు పైనుంచి పడుతుంది, వేగం వల్ల గాలి ఎదురుగా కొడుతుంది, కొండ పైకి తీసుకువెళ్లే కుర్చీల లిఫ్టులో కదలకుండా కూర్చొని వెళ్లేటప్పుడు చలి ఎముకల దాకా వెళ్తుంది. వారికి మంచి జాకెట్ నిజంగానే అవసరం. కొత్తవారి పరిస్థితి అది కాదు. వారు పడతారు, పక్కకు ఒరిగి కూర్చుంటారు, చేతులు మంచులోకి నొక్కి లేస్తారు, ఊడిపోయిన స్కీని, అంటే బూటు కింద బిగించే పొడవాటి పలకను, తగిలించుకోవడానికి మోకాలి మీద కూర్చుంటారు, బూటు అడుగున గట్టిపడిన మంచును వేళ్లతో గీకుతారు. ఒంటి వేడికి ఆ మంచు కరుగుతుంది, ఒంటి బరువు ఆ నీటిని గుడ్డలోకి నొక్కుతుంది. అంటే తడి వారికి కిందినుంచీ, చేతులనుంచీ వస్తుంది. పైగా వారు ఉండేది గాలి తక్కువగా ఉండే దిగువ వాలుల మీద. పడుతూ లేస్తూ, స్కీలతో అడ్డంగా అడుగులు వేస్తూ వాలు ఎక్కేటప్పటికి ఒళ్లంతా చెమట పడుతుంది. అలాంటప్పుడు దళసరి జాకెట్ మేలు కన్నా ఇబ్బందే ఎక్కువ చేస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు చేతి తొడుగుల మీద పెట్టమని అడిగినవారందరికీ చెబుతాను. అల్లిన ఉన్ని గ్లౌజు మంచును తాకినప్పుడు ఏం జరుగుతుందో దగ్గరనుంచి చూస్తే కారణం తెలిసిపోతుంది. మొదట మంచు రేణువులు ఉన్ని నూగుకు చిన్న చిన్న ఉండలుగా అంటుకుంటాయి. వేళ్ల వేడికి అవి కరిగి లోపలికి ఇంకుతాయి. చెయ్యి కాసేపు కదలకుండా ఉంటే పైపొర మళ్లీ గడ్డకట్టి అట్టలా బిగుసుకుంటుంది, లోపలి పొర మాత్రం తడిగానే ఉండి వేళ్ల వేడిని లాగేస్తూ ఉంటుంది. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఒకసారి తొడుగు లోపల తడిసిందంటే ఆ పూటకు ఆ చేతులు వెచ్చబడడం కష్టం. కొనే తొడుగుకు నీరు చొరని పైపొర, లోపల సింథటిక్ దూది, అరచేతి భాగంలో తోలు గానీ గట్టి కృత్రిమ తోలు గానీ, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ ఉండాలి. వేళ్లన్నీ ఒకే గదిలో ఉండే మిట్టెన్లు ఐదు వేళ్ల గ్లౌజుల కన్నా వెచ్చగా ఉంటాయి, ఎందుకంటే వేళ్ల వేడి ఒకదానికొకటి అందుతుంది. జిప్పు లాగడానికీ బూటు బకిల్ పెట్టడానికీ అవి కాస్త అడ్డమే అయినా, చేతులు త్వరగా చల్లబడే తత్వం ఉన్నవారు వాటినే ఎంచుకోవడం మంచిది. ఏది కొన్నా వేళ్ల కొసల దగ్గర కొద్దిగా ఖాళీ ఉండాలి. బిగుతుగా ఉంటే రక్తప్రసరణ తగ్గి, ఎంత మంచి తొడుగైనా చలివేస్తుంది.

రెండో ఖర్చు ప్యాంటు. జీన్స్ నూలు గుడ్డ కాబట్టి నీటిని పీల్చుకుంటుంది, త్వరగా వదలదు, తడిసి బరువెక్కి మోకాలిని వంగనివ్వదు. దానికి బదులు ఏది కొనాలో తేల్చుకోవాలంటే లేబుల్ మీది అంకెలను చదవడం తెలియాలి. మీ వ్యాసంలో వాటి ప్రస్తావనే లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. స్కీ దుస్తుల లేబుల్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి: 10,000 మి.మీ., 10,000 గ్రాములు అన్నట్టుగా. మొదటిది నీటిని ఆపే శక్తి. ప్రయోగశాలలో గుడ్డ మీద నీటి ఒత్తిడిని పెంచుతూ పోయి, ఎంత ఎత్తు నీటి స్తంభానికి సమానమైన ఒత్తిడి దగ్గర నీరు అవతలికి చొచ్చుకువస్తుందో చూసి, ఆ ఎత్తును మిల్లీమీటర్లలో చెబుతారు. 10,000 మి.మీ. అంటే 10 మీటర్ల నీటి స్తంభం కలిగించే ఒత్తిడిని ఆ గుడ్డ ఓర్చుకుంటుందని అర్థం. రెండోది చెమట ఆవిరిని బయటికి పంపే శక్తి. 24 గంటల్లో ఒక చదరపు మీటరు గుడ్డ గుండా ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో అది చెబుతుంది. ఈ రెండో అంకెను కొలిచే పద్ధతులు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి గనుక, వేర్వేరు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు చిన్న తేడాలను పట్టించుకోనక్కర్లేదు.

నా అనుభవంలో కొత్తవారి ప్యాంటుకు మొదటి అంకె, అంటే నీటిని ఆపే శక్తి, 10,000 ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. జాకెట్‌కు మాత్రం పొడి చలి ఉండే చోట 5,000 ఉన్నా గడిచిపోతుంది, ఎందుకంటే దాని మీద ఎవరూ కూర్చోరు. తడి మంచు, వాన కలిసి పడే చోటైతే దానికీ 10,000 ఉండడం మంచిది. 20,000, ఆపైన ఉండే అంకెలు ఎలాంటి వాతావరణంలోనైనా రోజంతా బయట ఉండేవారి కోసం ఉద్దేశించినవి. వాటి కోసం కొత్తవారు అదనంగా చెల్లించే డబ్బుతో మంచి చేతి తొడుగులు వస్తాయి. అంకె ఎంత పెద్దదైనా, సూది గుచ్చిన చోటల్లా గుడ్డకు రంధ్రం ఉంటుంది కాబట్టి, కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉండాలి. అన్ని కుట్లకూ టేపు వేసినవాటికి ధర ఎక్కువ, ముఖ్యమైన కుట్లకు మాత్రమే వేసినవాటికి తక్కువ. ప్యాంటు వెనుకభాగం కుట్టుకు టేపు ఉందో లేదో అడిగి తెలుసుకోండి, తక్కినవి లేకపోయినా ఫరవాలేదు.

ప్యాంటును దుకాణంలో నిలబడి చూసుకుంటే చాలదు. తొడుక్కొని పూర్తిగా గొంతుక్కూర్చోవాలి, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచాలి; నడుము వెనుక గుడ్డ కిందికి జారి వీపు బయటపడితే మంచు అక్కడినుంచే లోపలికి వస్తుంది. భుజాల మీదుగా పట్టీలు ఉన్నవి ఈ ఇబ్బందిని తప్పిస్తాయి. కాలి అంచు లోపల ఎలాస్టిక్ ఉన్న ఇంకో గుడ్డ గొట్టం ఉంటుంది. దాన్ని స్కీ బూటు మీదికి లాగాలి, బూటు లోపలికి దూర్చకూడదు. చీలమండ లోపలివైపు దళసరి అతుకు ఉండడం కూడా ముఖ్యమే, ఎందుకంటే కొత్తవారి స్కీల ఉక్కు అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి అక్కడే గుడ్డను కోస్తాయి.

జాకెట్ చేయవలసిన పని గాలినీ నీటినీ ఆపడం. వెచ్చదనం దాని లోపలి పొరల పని. గాలిని ఆపడం ఎంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి అనుసరిస్తున్న సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలు ఉండి గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే, కప్పుకోని చర్మానికి అది మైనస్ 20 డిగ్రీల చలిలా తగులుతుంది. గాలి చొరని పొర ఒకటి పైన ఉంటే ఆ తేడా చాలావరకు తప్పుతుంది, ఆ పొర దళసరిగా ఉండనక్కర్లేదు. ఇంట్లో ఉన్న మంచి వాటర్‌ప్రూఫ్ వాన జాకెట్, లోపల రెండు పొరలు పట్టేంత వదులుగా ఉంటే, మొదటి పాఠాలకు అది చాలు. 1969లో బాబ్ గోర్ కనుగొన్న, సాగదీసిన పీటీఎఫ్ఈ (నాన్‌స్టిక్ గిన్నెల పూతలో వాడే ప్లాస్టిక్) పొరతో తయారైన గోర్‌టెక్స్ గుడ్డకు ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు. నీటి చుక్క దూరలేనంత, ఆవిరి మాత్రం దాటిపోగలిగినంత సన్నని రంధ్రాలు ఆ పొరలో ఉంటాయి. అయినా పాలీయురథేన్ పూత పూసిన మామూలు గుడ్డ కూడా అదే పనిని కాస్త తక్కువ సమర్థంగా చేస్తుంది, ధరలో తేడా మాత్రం చాలా ఎక్కువ. ఏడాదికి కొద్ది రోజులే మంచు మీద గడిపేవారికి ఆ తేడాకు తగిన ప్రయోజనం కనిపించదు. చంకల కింద గాలి కోసం తెరుచుకునే జిప్పులు ఉంటే మాత్రం మెచ్చుకోదగిన సౌకర్యమే, చెమట ఎక్కువగా పట్టే కొత్తవారికి అవి అంకెల కన్నా బాగా పనికివస్తాయి.

లోపలి పొరలకు కొత్తగా ఖర్చు పెట్టవలసిన అవసరం చాలామందికి ఉండదు. ఒంటికి అంటుకునే పొర నూలుది కాకుండా ఉంటే చాలు. వ్యాయామానికి వేసుకునే పొడవు చేతుల పాలిస్టర్ చొక్కా చెమటను ఒంటి మీదినుంచి లాగి త్వరగా ఆరిపోతుంది. మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్ని ఇంకా హాయిగా ఉంటుంది, వాసన పట్టదు, కొద్దిగా తడిసినా వెచ్చదనం పోదు. ధర ఎక్కువ కాబట్టి తర్వాత కొనుక్కోవచ్చు. దాని మీద ఫ్లీస్. ఈ గుడ్డ తక్కువ ధరకు దొరకడం వెనుక ఒక కథ ఉంది. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ ఈ పాలిస్టర్ నూగు గుడ్డను రూపొందించినప్పుడు దానికి పేటెంట్ తీసుకోకుండా వదిలేసింది. దాంతో ఎందరో తయారుచేయడం మొదలుపెట్టారు, పర్వతారోహకులు వాడిన గుడ్డ సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. నా ఉద్దేశంలో బడ్జెట్ చూసుకొని స్కీయింగ్ నేర్చుకునేవారికి ఇంతకన్నా మేలు చేసిన గుడ్డ మరొకటి లేదు. ఒక దళసరి ఫ్లీస్ కన్నా రెండు పల్చటివి మంచివి, ఎందుకంటే చెమట పట్టినప్పుడు ఒకటి తీసేయవచ్చు. ఈకల జాకెట్ ఉన్నవారు దాన్ని వాలు మీదికి తీసుకువెళ్లకపోవడమే మంచిది. మామూలు ఈకలు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం కోల్పోతాయి.

మేజోళ్ల విషయంలో మీ వ్యాసంతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. చలి ఎక్కువగా ఉంటే రెండు జతలు వేసుకోమని అందులో రాశారు. దయచేసి పాఠకులు అలా చేయవద్దు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ గూడు, దానిలో అదనపు చోటు ఉండదు. రెండో జత వేసుకుంటే మడతలు పడి ఒరుసుకుంటుంది, పాదం నొక్కుకుపోయి రక్తం సరిగా అందదు, కాలు ఇంకా చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే, పల్చటి, నూలు కాని ఒకే ఒక్క జత వేసుకోవాలి. లోపలి థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి దిగకూడదు, పిక్క మీదే ఆగాలి. బూటులో మేజోడు తప్ప మరేదీ ఉండకూడదన్న ఈ ఒక్క సంగతి పాటిస్తే మొదటి రోజు కాళ్ల నొప్పుల్లో చాలా భాగం ఉండదు. మెడకు పొడవాటి శాలువా, మఫ్లరు వద్దు, లిఫ్టులో చిక్కుకునే ప్రమాదం ఉంది. తల మీదుగా తొడుక్కునే గొట్టం లాంటి గుడ్డ చవకైనదే, అది చాలు.

స్కీలు, బూట్లు అద్దెకిచ్చే చోట చాలాసార్లు హెల్మెట్, కొన్నిచోట్ల జాకెట్, ప్యాంటు కూడా అద్దెకు దొరుకుతాయి. ఈ ఆట మనకు నచ్చుతుందో లేదో తెలియని మొదటిసారికి అంతకన్నా మంచి మార్గం లేదు. హెల్మెట్‌ను మాత్రం ఎవరైనా వాడి అమ్మేసినది కొనవద్దు. ఒక పెద్ద దెబ్బ తగిలిన హెల్మెట్ లోపలి నురగ నలిగిపోయి ఉండవచ్చు, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. అద్దెకు తీసుకున్నా, కొత్తది కొన్నా, దాని మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1077 గానీ అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ ఉందో లేదో చూసుకోవాలి. కంటి అద్దాలను అలంకారం అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి పైకి కొట్టగలదు. ఆ కిరణాలను పూర్తిగా ఆపే చవక గాగుల్స్ చాలా ఉన్నాయి. అద్దం వెలుతురును ఎంత లోపలికి రానిస్తుందో 0 నుంచి 4 దాకా ఉండే వర్గం చెబుతుంది. ఒక్కటే కొనగలిగినవారు 2వ వర్గం తీసుకుంటే ఎండలోనూ మబ్బులోనూ నెట్టుకురావచ్చు.

వాడిన దుస్తులు కొనడానికి మొహమాటపడేవారికి ఒక మాట చెప్పాలి. స్కీ జాకెట్లలో చాలావాటిని ఏడాదికి కొద్ది రోజులే వేసుకుంటారు, పిల్లలవైతే పాడవకముందే పొట్టివైపోతాయి. కొనేముందు జాకెట్‌ను తిరగేసి చూడాలి. లోపలి పూత పొట్టులా రాలుతున్నా, చేతికి జిగటగా తగిలినా, కుట్ల మీది టేపు అంచులు పైకి లేచినా దాన్ని వదిలేయండి; ఆ లోపాలు ఇంట్లో బాగయ్యేవి కావు. అస్తరు వేసి కుట్టినవాటిలో ఇది కనిపించదు గనుక జేబు లోపలా, టోపీ లోపలా చూడాలి. జిప్పును పైకీ కిందికీ రెండు మూడుసార్లు లాగాలి. ప్యాంటు అయితే నేరుగా చీలమండ లోపలి అంచునూ వెనుకభాగాన్నీ చూడాలి, తక్కినదంతా ఆ తర్వాతే. భుజం మీద చల్లిన నీళ్లు చుక్కలుగా జారకుండా గుడ్డ మీద పరుచుకుంటే మాత్రం భయపడనక్కర్లేదు. పైపూత అరిగిందని అర్థం, అది మళ్లీ వేసుకోగలిగినదే.

ఆ పూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాటర్‌ప్రూఫ్ పోయిందని అనుకొని మంచి జాకెట్లను పారేసేవారు ఉన్నారు. నీటిని ఆపేది జాకెట్ గుడ్డకే లోపలివైపు ఉండే పొర. పైగుడ్డ మీద ఉండే పూత చేసే పని నీటిని నిలవనివ్వకపోవడం. మురికి, చెమట, సబ్బు అవశేషాలు చేరితే ఆ పూత పనిచేయదు. అప్పుడు పైగుడ్డ తడిని పట్టి, లోపలి ఆవిరి బయటికి పోవడం ఆగి, చెమటకే లోపల తడిగా అనిపిస్తుంది. లేబుల్ మీద చెప్పిన ప్రకారం తక్కువ సబ్బుతో, గుడ్డ మెత్తబడడానికి వాడే ద్రవం ఏమాత్రం లేకుండా ఉతికి, రెండుసార్లు జాడించి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద కాసేపు ఆరబెడితే పూత చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. అప్పటికీ లాభం లేకపోతే స్ప్రే రూపంలో దొరికే పూతను కొట్టుకోవచ్చు, కొత్త జాకెట్ ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు ఎంతో తక్కువ. ప్రకృతిలో ఎంతకాలానికీ విచ్ఛిన్నం కాని పీఫాస్ రసాయనాలను చాలా కంపెనీలు ఈ పూతల్లోంచి తొలగిస్తున్నాయి. అది మంచి మార్పే. అయితే వాటి స్థానంలో వచ్చిన పూతలకు నూనె మరకలు త్వరగా పడతాయి కాబట్టి ఇప్పుడు కొనే దుస్తులను ఇదివరకటి కన్నా కాస్త తరచుగా ఉతుక్కోవలసి ఉంటుంది.

కొత్తవే కావాలనుకునేవారు సీజను మొదట్లో తొందరపడవద్దు. శీతకాలం చివరి వారాల్లో దుకాణాలు నిలువ సరుకును వదిలించుకోవడానికి ధరలు బాగా తగ్గిస్తాయి. గత ఏటి రంగు అన్న కారణంతో ధర తగ్గినదాన్ని వెతకండి, గుడ్డలో తేడా ఉండదు. సైజు లేదని బిగుతుగా ఉన్నదాన్ని మాత్రం తీసుకోవద్దు.

చివరిగా మీకొక విన్నపం. ఇలాంటి జాబితాను మళ్లీ ప్రచురించినప్పుడు చేతి తొడుగులనూ ప్యాంటునూ పైకి తెచ్చి, ప్రతి వస్తువు పక్కన అది అద్దెకు దొరికేదా, ఇంట్లో ఉన్నదానితో సరిపోయేదా, తప్పక కొనవలసినదా అన్నది రాయించండి. రెండు జతల మేజోళ్ల సలహాకు సవరణ కూడా వీలైనంత త్వరగా వేయండి, సెలవులకు బయలుదేరేవారు ఈపాటికే సామాను సర్దుకుంటూ ఉంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు